రోడ్డు గోడ దగ్గర ఎందుకు ఆగిపోతోంది?

(హైదరాబాద్ శివారులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విద్యార్థులకు, చుట్టుపక్కల కాలనీల సంక్షేమ సంఘాల వారికి కలిపి చేసిన ప్రసంగం. మాట్లాడినట్టుగానే, అక్కడక్కడ మాత్రం సరిచేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కాలనీ పెద్దలున్నారు, వెనక సివిల్ పిల్లలున్నారు. ట్రాఫిక్ గురించి చెప్పమని పిలిచారు. ట్రాఫిక్ అనగానే మనకు రోడ్డు వెడల్పు, ఫ్లైఓవర్ గుర్తొస్తాయి. వాటి గురించి మాట్లాడేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, నన్ను వదిలేయండి. నేను ఇవాళ ఒక్క ప్రశ్నే పట్టుకుంటాను. ఊరు పెరిగేటప్పుడు కొత్తగా వేసిన రోడ్డు ఎక్కడిదాకా వెళ్ళి ఆగిపోతోంది? అవతలి రోడ్డులో కలుస్తోందా, గోడకు తగులుతోందా?

(బోర్డు మీద గీస్తూ) ఇది చూడండి. అడ్డంగా మూడు గళ్ళు, నిలువుగా మూడు గళ్ళు. గళ్ళు ఇళ్ళ బ్లాకులు, గీతలు రోడ్లు. ఈ మూల నుంచి ఎదురు మూలకు, చుట్టు తిరగకుండా వెళ్ళడానికి ఎన్ని దారులున్నాయి? ఆరా? వెనక నుంచి ఎవరో పది అంటున్నారు. ఇరవై ఉన్నాయి. మొత్తం ఆరు గీతలు నడవాలి, మూడు అడ్డం, మూడు నిలువు. ఇంటర్లో చదివిన కాంబినేషన్లే, మర్చిపోయారు. (నవ్వులు) ఇరవై దారులూ ఒకే దూరం. ఒక వీధిలో పెళ్ళి షామియానా వేశారనుకోండి, పక్క వీధిలోంచి వెళ్ళిపోతాం. ఎవరికీ పెద్దగా తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు అదే స్థలంలో ఒక మెయిన్ రోడ్డు, దానికి ఒకే పక్కన దువ్వెన పళ్ళలాగా వీధులు గీస్తున్నాను. ప్రతి వీధీ చివర గోడకు ఆగిపోతుంది. ఈ పంటి కొసన ఉన్న ఇంట్లోంచి పక్క పంటి కొసన ఉన్న ఇంటికి ఎన్ని దారులు? ఒక్కటే. వెనక్కి మెయిన్ రోడ్డు దాకా రావాలి, కాస్త ముందుకెళ్ళాలి, మళ్ళీ లోపలికి తిరగాలి. రెండిళ్ళ పెరటి గోడలు మాత్రం ఆనుకునే ఉంటాయి. ఈ పద్ధతిలో తారు కాస్త తక్కువ పడుతుంది, ప్లాట్లు నాలుగు ఎక్కువ వస్తాయి. వెంచర్ వేసేవాళ్ళకు ఇదంటే ఇష్టం ఎందుకుండదు?

దీన్ని కొలవడం కూడా కష్టమేం కాదు. ప్రతి కూడలి దగ్గర ఎన్ని రోడ్లు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. ఆగిపోయిన రోడ్డు కొసకు ఒకటి, టీ జంక్షన్‌కు మూడు, నాలుగు రోడ్ల కూడలికి నాలుగు. ఊరంతటికీ సగటు తీస్తే ఆ ఊరి రోడ్లు ఎంత కలుపుగోలుగా ఉన్నాయో ఒక అంచనా వస్తుంది. దానికి తోడు, రెండు చోట్ల మధ్య నేరుగా ఎంత దూరం, నడిస్తే ఎంత దూరం అని ఇంకో లెక్క. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ మిలార్డ్-బాల్ ఇలాంటి లెక్కలు కలిపి ఒక సూచిక తయారుచేశారు. రోడ్ల మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి, అంటే జనమే కలిసి గీసే ఉచిత మ్యాపు నుంచి తీసుకున్నారు. ఏ ప్రాంతం ఎప్పుడు ఊరయిందన్నది ఉపగ్రహ చిత్రాల నుంచి తీసుకున్నారు. ఆ విధంగా 1975 నుంచి 2014 దాకా ప్రపంచమంతా చూశారు. 2020లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలిందేంటంటే, ప్రపంచంలో చాలాచోట్ల కొత్తగా వేస్తున్న వీధులు పాత వీధుల కంటే తక్కువగా కలుస్తున్నాయి.

వాళ్ళే అంతకుముందు, 2015లో, అమెరికాది విడిగా చూశారు. అక్కడ 1930ల నుంచి ఇళ్ళ రుణాలకు హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థే, గళ్ళ వీధులు వద్దు, కొస మూసిన వీధులు మంచివి అని సలహా ఇస్తూ వచ్చింది. రుణం కావాలంటే వాళ్ళు మెచ్చేలా గీయాలి కదా. దశాబ్దాల తరబడి అలాగే గీశారు. కానీ 1994 ప్రాంతంలో ఆ ధోరణి శిఖరానికి చేరి, తర్వాత వెనక్కి మళ్ళింది. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, ఊళ్ళు పెరిగాక ఇలాగే అవుతాయి, ఎవరేం చేయగలరు అనే మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది. అక్కడ అలా గీయించింది మనుషులు రాసిన రూలే.

సరే, మన ఊరికి వద్దాం. హైదరాబాద్‌ను పొరలు పొరలుగా చూడొచ్చు. 1591లో చార్మినార్ కట్టినప్పుడు దాన్ని నాలుగు దారుల కూడలిలో పెట్టారు. ఆ నాలుగు దారులూ ఇవాళ్టికీ అవే. వాటి మధ్య గల్లీలు మెలికలు తిరుగుతాయి, సన్నగా ఉంటాయి, కానీ ఎక్కడో ఒకచోట ఇంకో గల్లీలో తేలుతాయి. నడిచేవాడికి పాతబస్తీ చాలా కలిసిన ఊరు, కారు వేసుకెళ్ళినవాడు మాత్రం తిట్టుకుంటూ వస్తాడు. 1908లో మూసీ వరద వచ్చింది. తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసి కొత్త రోడ్లు, ఇళ్ళు ఒక ప్లాను ప్రకారం వేసుకుంటూ వెళ్ళారు.

ఆ తర్వాత పొర నాకు చాలా ఇష్టం. సంజీవరెడ్డి నగర్, వెంగళరావు నగర్, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు ఫేజులు. హిమాయత్‌నగర్‌లో, హబ్సిగూడలో స్ట్రీట్ నంబర్లు ఉంటాయి చూడండి. నాకొక చిన్న గుర్తు ఉంది: వీధులకు వరస నంబర్లున్న కాలనీ అంటే, ఎవరో ఒకరు మొత్తం స్థలాన్ని ముందు పెట్టుకుని ఒకేసారి గీశారని అర్థం. అక్కడ రోడ్లు కలుస్తాయి. ఇప్పటి శివార్లలో వీధి నంబర్లు చెప్పరు. "ఫలానా వెంచర్, ఫేజ్ టూ, కమాన్ లోపలికి" అంటారు. కమాన్ ఉందంటే దారి ఒక్కటే ఉందని. (నవ్వులు)

2007లో పాత నగర కార్పొరేషన్ ఎంసీహెచ్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. విస్తీర్ణం సుమారు 170 చదరపు కిలోమీటర్ల నుంచి 600 దాటింది. మరుసటి ఏడాది నగరానికి, చుట్టుపక్కల ప్రాంతాలకు ప్లానింగ్ చూసే హెచ్‌ఎండీఏ వచ్చింది, అప్పట్లో దాని పరిధి 7 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఊరు పెద్దదయింది, పెద్ద రోడ్లు కూడా వచ్చాయి. మధ్యలో ఉండాల్సినవే రాలేదు. ఒక పక్క ఎనిమిది లేన్ల ఔటర్, ఇంకో పక్క 30 అడుగుల కాలనీ రోడ్డు. ఈ రెంటికీ మధ్య, కిలోమీటరుకొకటి చొప్పున ఊరికి అడ్డంగా నిలువుగా వెళ్ళే 80 అడుగుల, 100 అడుగుల రోడ్లు ఉండాలి. చాలాచోట్ల అవి మాస్టర్‌ప్లాన్ కాగితం మీద ఎర్రగీతలుగానే మిగిలిపోయాయి.

అవి ఎందుకు రాలేదు? దీని మీద కాస్త ఆగుతాను. పుస్తకాల్లో ఈ భాగం ఉండదు, మీ ఉద్యోగాల్లో రోజూ ఉంటుంది.

శివారు గ్రామం రెవెన్యూ నక్షా ఎప్పుడైనా చూశారా? చూడకపోతే చూడండి. సర్వే నంబర్లు, వాటి గట్లు, మధ్యలో రెండు చుక్కల గీతలతో బండ్లబాట, డొంక. గోదావరి జిల్లాల వాళ్ళయితే పుంత అంటారు. వాగు, కుంట, శ్మశానం. వందేళ్ళ కిందటి రైతు తన పొలానికి ఎడ్లబండి తోలుకెళ్ళడానికి ఏ దారి కావాలో అదంతా అందులో ఉంటుంది. వ్యవసాయానికి ఆ దారులు చాలు. పొలం పని రోజుకు రెండు రాకపోకలు, అంతే.

ఇప్పుడు రోడ్డు పక్కన నాలుగెకరాల రైతు అమ్మాడనుకోండి. కొన్న రియల్టర్ మధ్యలో 30 అడుగుల రోడ్డు వేసి, అటూ ఇటూ 200 గజాల ప్లాట్లు కోసి, చుట్టూ ప్రీకాస్ట్ గోడ నిలబెట్టి, కమాన్ కట్టి, రెండు కొబ్బరిచెట్లు పెట్టి అమ్మేశాడు. వెనక పొలం రైతు ఇంకా అమ్మలేదు. మూడేళ్ళ తర్వాత ఆయనా అమ్మాడు, వేరే రియల్టర్‌కు. ఆయన తన బిట్టుకు తగ్గట్టు రోడ్డు వేసుకున్నాడు. అది మొదటి రోడ్డుకు ఎదురుగా రాదు, పదిహేను అడుగులు పక్కకు వస్తుంది. మధ్యలో ఇద్దరి గోడలు. ఒకరి వెంచర్‌కు రోడ్డు ఇస్తే ఇంకొకరి ప్లాట్లకు రేటు వస్తుంది. ఎవరిస్తారు ఊరికే? "మా అప్రోచ్ రోడ్డు మీద మీ వెంచర్ ఎట్లా అమ్ముకుంటారు, గజానికింత కట్టండి" అంటారు. బేరం కుదరదు, గోడ ఉంటుంది. ఇద్దరి మధ్యలో ఉన్న డొంక ఏమైందంటే, సగం ఇటు గోడలో, సగం అటు గోడలో. అది ప్రభుత్వ భూమే. అడిగేవాడు లేడు.

ఇలా పొలం గట్టు ఎక్కడుందో గోడ అక్కడ లేచింది. రైతుల భాగపంపకాలు ఏ వంకర తిరిగాయో ఊరు ఆ వంకరే తిరిగింది. ప్రతి వెంచర్‌నూ విడిగా చూస్తే తప్పు కనపడదు. ఫైలు సరిగ్గానే ఉంటుంది. రోడ్డు వెడల్పు ఉంది, పార్కుకు స్థలం ఉంది, ఫీజు కట్టారు. పక్క ఫైలుతో కలిపి చూసే కుర్చీ మాత్రం ఆఫీసులో లేదు. అనుమతి ఉన్న వాటి సంగతే ఇది. లేనివాటి సంగతి మీకు తెలుసు. 2020లో తెలంగాణలో ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం పెడితే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే పక్క ఫైలు మాట దేవుడెరుగు, అసలు ఫైలే లేకుండా కోసిన ప్లాట్లు అన్ని ఉన్నాయన్నమాట. క్రమబద్ధీకరిస్తే కాగితం సరిపోతుంది. అప్పటికే ఇళ్ళు లేచిన చోట రోడ్డును రెండు గోడల మధ్య నుంచి ఎలా తెస్తారు?

ఇక్కడ వాస్తు గురించి ఒక మాట. వీధిపోటు ఉన్న ప్లాటు ఎవరూ కొనరు, కొన్నా గజానికి తగ్గించి అడుగుతారు, వినాయకుణ్ణి పెడతారు. వీధిపోటు ఎక్కడొస్తుంది? రోడ్డు వచ్చి ఆగిపోయిన చోట వస్తుంది. రోడ్డు ముందుకు వెళ్ళిపోతే అక్కడ ప్లాటే ఉండదు, పోటూ ఉండదు. మన శివార్లలో ఇన్ని వీధిపోట్లు ఎందుకున్నాయో వాస్తు సిద్ధాంతిని కాదు, లేఅవుట్ గీసినవాణ్ణి అడగాలి. (నవ్వులు, చప్పట్లు)

గేటెడ్ కమ్యూనిటీలది ఇదే కథ, కాకపోతే పెద్ద సైజు. నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్, నల్లగండ్ల వైపు వెళ్తే ఒక్కో గోడ వెంట ఎంతసేపు నడిచినా ఇంకో వీధి తగలదు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, జీవో 168లో పెద్ద గ్రూపు స్కీములవాళ్ళు లోపలి భూములకు దారి ఉండేలా ఒక పక్కన 9 మీటర్ల ప్రజా రోడ్డు వదలాలని ఉంది. రాసినవాళ్ళకు విషయం తెలుసు. కానీ ఆ 9 మీటర్ల రోడ్డు తమ గోడ చివరిదాకా వెళ్ళి, పక్కవాడి గోడకు ఆగితే లాభమేంటి?

ఇవన్నీ ఇటీవలివి. పాత పెద్ద గోడలు కూడా ఉన్నాయి. కంటోన్మెంట్, రక్షణ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వరంగ ఫ్యాక్టరీల టౌన్‌షిప్పులు. అవి కట్టినప్పుడు ఊరు బయట ఉండేవి, ఇప్పుడు ఊరు మధ్యలోకి వచ్చాయి. సికింద్రాబాద్ వాళ్ళకు కంటోన్మెంట్ రోడ్ల గొడవ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 2018లో దేశమంతటా మూసిన కంటోన్మెంట్ రోడ్లు తెరవమని రక్షణ శాఖ ఆదేశాలిచ్చిందాకా వచ్చింది వ్యవహారం.

దీనివల్ల నష్టం ఎవరికి? కారున్నవాడికి ఇంకో పది నిమిషాలు, కాస్త పెట్రోలు. అసలు నష్టం నడిచేవాళ్ళది. బస్‌స్టాప్ లెక్క చేసి చూద్దాం. జనం అయిదు నిమిషాలు, అంటే దాదాపు 400 మీటర్లు నడుస్తారు బస్సు కోసం. నేరుగా కిలోమీటరు ఉన్న చోటికి గళ్ళ వీధుల్లో సగటున సుమారు 1.3 కిలోమీటర్లు నడవాల్సి వస్తుంది. ఇప్పటి వెంచర్ల మధ్య అది రెండు కిలోమీటర్లయిందనుకోండి. అప్పుడు ఆ 400 మీటర్ల నడకలో బస్‌స్టాప్ అందే విస్తీర్ణం ఎంతకు పడిపోతుంది? పిల్లలు చేయండి. విస్తీర్ణం దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది, 1.3 బై 2, దాని వర్గం. 0.42. అదే బస్సు, అదే స్టాపు, అదే డ్రైవరు, కానీ ఎక్కగలిగే ఇళ్ళు సగానికి తక్కువ. తర్వాత ఆక్యుపెన్సీ లేదని ఆ రూటు తీసేస్తారు. జనం బైకులు కొంటారు. అందరి బైకులూ ఒకే కమాన్ లోంచి ఒకే మెయిన్ రోడ్డెక్కుతాయి. అప్పుడు ఫ్లైఓవర్ కావాలంటారు.

నీళ్ళ పైపులు కూడా రోడ్డు వెంటే పోతాయి. రోడ్డు ఆగిపోతే పైపు ఆగిపోతుంది. కొసన నీళ్ళు నిలవ ఉంటాయి, ప్రెషర్ తక్కువ, ఒక్కచోట పగిలితే ఆ వీధంతటికీ బంద్. పైపులు రింగులా కలిస్తే అవతలి నుంచి నీళ్ళు తిరిగొస్తాయి. చెత్త ఆటో ప్రతి వీధిలోంచీ రివర్స్‌లో రావాలి. ఫైరింజన్ గురించి చెప్పక్కర్లేదు. వరదొస్తే ఇంకా తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ జనం నీళ్ళల్లో నడుచుకుంటూ అక్కడున్న ఫ్లైఓవర్ దగ్గరికే చేరిన దృశ్యాలు టీవీల్లో చూశాం. బయటపడే దారులు తక్కువున్న చోట ఒక్క దారే అందరికీ దిక్కవుతుంది.

బ్యాంకాక్ సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. అక్కడి సందులను సోయి అంటారు. చాలావరకు పాత వరిపొలాలు, కాలువల వెంట పొడవుగా కోసినవి. లోపలికి చాలా దూరం వెళ్తాయి, చివర ఆగిపోతాయి. మనలాగే పొలం ఆకారమే ఊరి ఆకారమైంది. ఫలితం, సోయి మొదట్లో నారింజ రంగు జాకెట్లు వేసుకున్న మోటార్‌సైకిల్ ట్యాక్సీల వరస. లోపలికి బస్సు పోలేదు, నడిస్తే చెమటలు. అందుకని అదొక పెద్ద ఉపాధి అయింది. మనకు ఇప్పుడు బైక్ ట్యాక్సీ యాపులు అంత తొందరగా ఎందుకు పట్టుకున్నాయో ఒక కారణం ఇందులో ఉంది.

జనం మాత్రం ఊరుకోరు. శివార్లలో ఏ పెద్ద గోడ వెంటయినా నడవండి. బస్టాండుకో, కాలేజీకో ఎదురుగా ఉన్న చోట గోడకు కన్నం ఉంటుంది. ఒక ప్రీకాస్ట్ పలక తీసేసి ఉంటుంది, ఇవతల రెండు సిమెంటు ఇటుకలు మెట్టుగా, అవతల ఇసుక బస్తా. పలక అంచు చేతులు పెట్టి పెట్టి నున్నగా అయి ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి పనిమనుషులు, కాలేజీ పిల్లలు, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకున్న వాచ్‌మన్ అందులోంచే వస్తారు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని కాలు ఎత్తి దాటాలి, వానొస్తే జారుతుంది. అసోసియేషన్ వాళ్ళు నెలకోసారి పలక బిగిస్తారు, వారంలో మళ్ళీ ఊడుతుంది. ప్లానర్ గీయాల్సిన గీతను జనం గీశారు. నాకు అధికారం ఉంటే ఊళ్ళో ఉన్న ఇలాంటి కన్నాలన్నీ మ్యాపు మీద గుర్తు పెట్టించి, ముందు వాటికే మెట్లు, లైటు వేయిస్తాను. అంతకంటే చవకైన సర్వే ఉండదు.

ఇక, సరిదిద్దడం ఎందుకు కష్టమో తెలియాలంటే రోడ్డుకున్న ఆయుష్షు చూడండి. ఇల్లు యాభై ఏళ్ళకు కూలగొట్టి మళ్ళీ కడతాం. రోడ్డు గీత వందల ఏళ్ళు ఉంటుంది. వరంగల్ కోటలో కాకతీయులు నాలుగు దిక్కులకు వేసిన దారుల్లోనే ఇవాళ ఆటోలు తిరుగుతున్నాయి. లండన్ 1666లో తగలబడిపోయింది. క్రిస్టఫర్ రెన్ అంతటి పేరున్న వాస్తుశిల్పి కొత్త ప్లాను గీసిచ్చాడు. అయినా ఎవరి స్థలం వాళ్ళదేనని, చాలావరకు పాత వీధుల గీతల మీదే మళ్ళీ కట్టుకున్నారు. ఊరు బూడిదయినా వీధి మారలేదు. కాబట్టి వీధి విషయంలో చేయగలిగింది ఇళ్ళు రాకముందే చేయాలి.

అలా ముందే చేసినవాళ్ళు ఉన్నారు. న్యూయార్క్‌లో 1811లో మాన్‌హట్టన్ ప్లాను గీసేనాటికి ఊరు దీవి కింది కొసనే ఉంది. మిగతాదంతా పొలాలు, గుట్టలు. అయినా 155వ వీధి దాకా గీసేశారు. ఆ గళ్ళు చూసి విసుగ్గా ఉన్నాయని చాలామంది అన్నారు. ఉండనీయండి, కలిశాయి కదా.

గీయడానికి భూమి ఎట్లా అంటారు. సేకరించి నష్టపరిహారం ఇస్తే ఖజానా చాలదు, కోర్టు కేసులు తెగవు. దానికి జర్మనీలో 1902లో ఫ్రాంక్‌ఫర్ట్ మేయర్ ఆడికెస్ పేరు మీద ఒక చట్టం వచ్చింది. అందరి భూమీ కలిపి, రోడ్లకు, పార్కులకు కొంత తీసి, మిగిలింది చక్కటి ఆకారంలో అందరికీ తిరిగి పంచడం. జపాన్ వాళ్ళు 1923 భూకంపం తర్వాత టోక్యోను ఇదే పద్ధతిలో తిరిగి కట్టారు. మన దేశంలో 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంతో ఇది వచ్చింది, గుజరాత్ దాన్ని వదలకుండా పట్టుకుంది. అహ్మదాబాద్ చుట్టూ ఉన్న 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగు రోడ్డుకు భూమి ఎక్కువగా ఈ టౌన్ ప్లానింగ్ స్కీముల ద్వారానే వచ్చింది. మన ఔటర్‌కేమో భూసేకరణ చేసుకుంటూ వచ్చాం. రింగు పక్కన ఉన్న వాళ్ళకు ఊహించని లాభం, రింగు కింద భూమి పోయిన వాళ్ళకు కోర్టు చుట్టూ తిరగడం.

అమరావతి గురించి అడుగుతారని తెలుసు. 217 చదరపు కిలోమీటర్ల ప్రాంతం, 2015 నుంచి 33 వేల ఎకరాల పైచిలుకు భూ సమీకరణ, తూర్పు పడమరలకు, ఉత్తర దక్షిణాలకు నంబర్లు వేసిన గళ్ళ రోడ్లు. రాజకీయం పక్కన పెట్టి వీధుల విషయమే చెప్తాను. పద్ధతి సరైనదే. రైతుల మీద దాని భారం, జాప్యం ఎంతన్నది వేరే రోజు మాట్లాడుకోవాల్సిన పెద్ద విషయం. ఎక్కువ ఊళ్ళకు ఆ స్థాయి అక్కర్లేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ష్లోమో ఏంజెల్ అనే ఆయన చాలా తక్కువ అడుగుతాడు. ఊరు పెరిగే వైపున కిలోమీటరుకొక పెద్ద రోడ్డు చొప్పున, దాదాపు 30 మీటర్ల వెడల్పున, ముందే గుర్తించి హక్కు తీసిపెట్టుకోండి, రోడ్డు తర్వాతయినా వేసుకోవచ్చు అంటాడు. ఇథియోపియాలో కొన్ని పట్టణాలు ఆ ప్రయత్నం చేశాయి. మనకంటే డబ్బున్న దేశం కాదది.

ఇంకో చిట్కా అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానిది. 2009లో వాళ్ళొక రూలు పెట్టారు. కొత్త లేఅవుట్ రోడ్లు పక్క స్థలాలకు కలిసేలా లేకపోతే వాటి నిర్వహణ రాష్ట్రం తీసుకోదు. నీ రోడ్డు ఊరికి పనికిరాకపోతే ఊరి డబ్బుతో ఎందుకు బాగుచేయాలి అని. తర్వాత బిల్డర్ల ఒత్తిడితో కాస్త సడలించారనుకోండి. మన దగ్గర లేఅవుట్ రోడ్లను గిఫ్ట్ డీడ్ చేసి మున్సిపాలిటీకి అప్పగిస్తారు. ఆ సంతకానికి ముందు కమిషనర్ ఒక్కటి చూడాలి: రోడ్డు సరిహద్దు గట్టు దాకా వచ్చిందా, అక్కడ గోడ లేకుండా ఉందా, పక్క లేఅవుట్ రోడ్డుకు ఎదురుగా పడిందా?

సమయం అయిపోయిందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలో ఒక కాలనీ సంఘం అధ్యక్షుడు: "సార్, గోడ తీసేస్తే దొంగతనాలు ఎవరు చూస్తారు? బయటి బైకులన్నీ మా వీధిలోంచే పోతాయి. మా పిల్లలు క్రికెట్ ఆడుకునేది ఆ వీధిలోనే.")

మంచి ప్రశ్న అండీ, మీ భయం ఉత్తది కాదు. షార్ట్‌కట్ దొరికితే బైకులవాళ్ళు ఆగరు. కానీ గోడకీ, పూర్తిగా తెరిచిన రోడ్డుకీ మధ్య ఇంకోటి ఉంది. మనిషి, సైకిల్, వీల్‌చైర్ పట్టేంత దారి వదిలి, కారుకు అడ్డంగా స్తంభాలు పాతడం. అమెరికాలో 1929లో కట్టిన రాడ్‌బర్న్ అనే కాలనీలో వీధులు కారుకు మూసి ఉంటాయి, నడిచేవాళ్ళకు మాత్రం వెనక నుంచి దారులన్నీ కలిసే ఉంటాయి. తర్వాత వచ్చినవాళ్ళు మూసిన వీధులు కాపీ కొట్టారు, నడక దారులు వదిలేశారు. జర్మనీ, నెదర్లాండ్స్ ఊళ్ళలో ఇది మామూలు. స్తంభాల మధ్య బైకు దూరుతుందంటారు. దూరుతుంది. అందుకే దారిని వంపు తిప్పి కడతారు, కూడలిలో స్పీడు బ్రేకరు వేస్తారు. దొంగల మాటకొస్తే, మనుషులు నడుస్తున్న వీధిలో కళ్ళు ఎక్కువుంటాయి. నిర్మానుష్యంగా ఉన్న గోడ వెనక ఉండవు. ఒక్కటి మాత్రం నిక్కచ్చిగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీది అనుమతి ఉన్న లేఅవుట్ అయితే ఆ రోడ్డు మున్సిపాలిటీకి ఇచ్చేసినది. దానికి తాళం వేసే హక్కు సంఘానికి లేదు. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇలాంటి అడ్డుగోడలు కూల్చిన వార్తలు మీరూ చదివే ఉంటారు. వాళ్ళు జేసీబీ తెచ్చేలోపు మీరే పక్క కాలనీ సంఘంతో కూర్చుని, ఏ చోట ఎంత తెరవాలో మాట్లాడుకుంటే మీకు నచ్చినట్టు జరుగుతుంది.

(వెనక నుంచి ఒక విద్యార్థిని: "సార్, మాది మిర్యాలగూడ దగ్గర. ఇప్పుడిప్పుడే వెంచర్లు వస్తున్నాయి. మాలాంటి చోట ఏం చేయొచ్చు?")

మీ ఊరు అదృష్టమున్న ఊరమ్మా, ఇంకా పొలాలున్నాయి. మీ మూడో సంవత్సరం ప్రాజెక్టు ఇదే పెట్టుకో. ఊరి రెవెన్యూ నక్షా కాపీ తీసుకో. డొంకలు, బండ్లబాటలు ఎర్ర పెన్సిలుతో గీయి. దాని మీద ఇప్పటిదాకా వచ్చిన వెంచర్ల రోడ్లు నీలం రంగుతో గీయి. ఎర్ర గీత నీలం గోడకు ఎక్కడ తగిలిందో అక్కడ నిలబడి ఫొటో తీయి, సర్వే నంబరు రాయి. ఆ మ్యాపు తీసుకెళ్ళి పంచాయతీ కార్యదర్శికో, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ ఆఫీసులోనో ఇవ్వు. ఒక కాపీ తహసీల్దార్ ఆఫీసులో కూడా ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకో. డొంక ప్రభుత్వ భూమి కాబట్టి దాని మీద గోడ కట్టారని చూపిస్తే కదలక తప్పదు. నెమ్మదిగానే కదులుతారనుకో. మీ నాన్నగారికి పొలం ఉంటే, అమ్మేటప్పుడు పక్క రైతుతో మాట్లాడి ఇద్దరి రోడ్లూ ఎదురెదురుగా పడేలా చూసుకోమను. రెండు వెంచర్లు కలిసిన రోడ్డు మీద గజం రేటు కూడా కాస్త ఎక్కువే పలుకుతుందని చెప్పు, ఆ మాటయితే వింటారు. (నవ్వులు)